సాక్షి చిప్పు

ఆ రోజు పొద్దున ఆయన నంబరు నుంచి నాకు మూడుసార్లు ఫోన్ వచ్చింది. మూడుసార్లూ ఎత్తలేదు. మొదటిసారి కాలేజీకి తయారవుతున్నానని సర్ది చెప్పుకున్నాను. రెండోసారి క్లాసులో ఉన్నాను, అది నిజమే. మూడోసారి మాత్రం స్టాఫ్ రూములో ఖాళీగా కూర్చుని ఉన్నాను. ఆయన పేరు వెలుగుతుంటే ఫోన్‌ను బల్ల మీద బోర్లించి పెట్టాను. ఏడాదిన్నర తర్వాత ఆయన ఎందుకు చేస్తున్నాడో నాకు తెలుసనుకున్నాను. ఆ చిప్పు సంగతి మళ్లీ ఎత్తుతాడేమోనని భయం.

సాయంత్రం ఇంటికి వచ్చాక చూస్తే ఒక వాయిస్ మెసేజ్ ఉంది. గొంతు ఆయనది కాదు. ఆళ్లగడ్డలో ఆయన షాపు పక్కన విగ్రహాలు చెక్కే ఆచారిది.

"సార్, సాయిబు తెల్లారే పోయినాడు. ఆయన ఫోన్లోనించే చేస్తాండా. మూడు గంటలకు తీస్కపోతారంట. మీకు సెప్పమని ఇంట్లో ఆమె అనింది."

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట. మొదటిసారి ఎత్తి ఉంటే ముఖం చూసేవాణ్ణి. మూడోసారి ఎత్తినా ఒక పిడికెడు మన్ను వేసి ఉండేవాణ్ణి. చనిపోయిన మనిషి నన్ను నిలదీస్తాడని భయపడి ఆయన ఆఖరి కబురును బోర్లా పెట్టాను.

నేను నంద్యాలలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. ఆయన ఆళ్లగడ్డలో టీవీలు, స్టార్టర్ పెట్టెలు, ఇన్వర్టర్లు బాగుచేసేవాడు. మొదట మా కాలేజీకి వచ్చింది ఒక మైక్రోస్కోపు కోసం. ఎప్పుడో మూసేసిన కోర్సు తాలూకు సామాను పాతగదిలో పడి ఉంటే, వేలం వేస్తున్నామని తెలిసి వచ్చాడు. సన్నటి మనిషి. ముక్కు మీద ఒక కళ్లద్దాలు, వాటి మీద ఇంకో కళ్లద్దాలు. దూరానికి ఒకటి, దగ్గరకు ఒకటి కాదు. రెండూ దగ్గరవే. ఒకటి చాలదట.

"దీంతో ఏం చూస్తావన్నా?" అని అడిగాను.

"చిప్పుల్లోపల సూస్తా."

"లోపల చూడాలంటే పగలగొట్టాలి కదా?"

"పగలగొడితే ఏముంటాదప్పా, పొడి. ఉడకబెట్టల్ల."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మైక్రోస్కోపును గుడ్డలో చుట్టుకుంటూ, "అమావాస్యకు రా, సూపిస్తా" అన్నాడు.

అమావాస్యే ఎందుకో అక్కడికి వెళ్తే గానీ తెలియలేదు. ఆయన షాపు రాతిపని షెడ్ల వరసలో ఉంది. రోజంతా కోతమిషన్లు తిరుగుతుంటాయి, ఉలి దెబ్బలు పడుతుంటాయి. వీధంతా తెల్లటి రాతిపొడి. షాపు ముందు ఆయన తడిపిన పాత చీరలు రెండు వేలాడదీసేవాడు, పొడి వాటికి అంటుకోవాలని. అయినా లోపలికి వచ్చేది. పొడి ఒక్కటే అయితే తుడుచుకోవచ్చు. పక్కన రాయి కోస్తుంటే బల్ల సన్నగా వణుకుతుంది. ఆ వణుకు మనకు తెలియదు, మైక్రోస్కోపుకు తెలుస్తుంది. బొమ్మ చెదిరిపోతుంది. అమావాస్య రోజు ఆచారులు ఉలి ముట్టరు. నెలకు ఆ ఒక్క పగలు వీధి నిశ్శబ్దంగా, గాలి తేటగా ఉంటుంది. ఆయన చిప్పుల లోపలి ఫోటోలు తీసింది ఆ పగళ్లలోనే. నమాజుకు వెళ్లే మనిషి తెలుగు క్యాలెండరులో అమావాస్యలకు సున్నాలు చుట్టి పెట్టుకునేవాడు.

"మా పండగలన్నా మర్చిపోతాడు గానీ మా సెలవు మర్చిపోడు" అనేవాడు ఆచారి.

చిప్పు అంటే పైకి కనిపించేది నల్లటి ప్లాస్టిక్ ముక్క, రెండు పక్కలా జెర్రికున్నట్టు కాళ్లు. అసలు పనిచేసేది లోపల ఉండే సిలికాన్ బిళ్ళ. కందిబద్దలో సగం ఉంటుంది. దాన్ని చెడకుండా బయటికి తీయడానికి పెద్ద ల్యాబుల్లో ఘాటైన ఆసిడ్లు వాడతారు. ఆయన వాడింది రోజిన్. టంకం పెట్టేటప్పుడు అద్దుకునే పసుపుపచ్చ బంకగడ్డ అది, గాజులా ఉంటుంది. దాన్ని స్టీలు గ్లాసులో వేసి, షాపు వెనక పెరట్లో పొయ్యి మీద పొగ లేచేదాకా కరిగించి, అందులో చిప్పును వదిలేవాడు. చాలాసేపటికి ప్లాస్టిక్ మెత్తబడి, చివికి, విడిపోతుంది. బిళ్ళ మిగులుతుంది. దాన్ని గోళ్లరంగు తుడిచే నీళ్లతో కడిగేవాడు. ఆ సీసాలు కొనేది వీధి చివర ఫ్యాన్సీ షాపులో. షాపామె ప్రతిసారీ ఒకటే మాట.

"సాయిబూ, మీ ఇంట్లో ఎంతమంది గోళ్లకు రంగు పూసుకుంటాండారు?"

"ఒగడే. వానికి నలబై కాళ్లు" అనేవాడు.

నేను ఆ మొదటి అమావాస్య నాడు చూసిన సంగతి ఇంకొకటి ఉంది. దాని మీదే తర్వాతి కథంతా నిలబడింది కాబట్టి చెప్పాలి. గ్లాసులో ఆయన ఒక చిప్పు వేయలేదు, రెండు వేశాడు. ఒకటి ఏమైందో తెలుసుకోవాలనుకున్న చిప్పు. రెండోది పాత సామానులోంచి తీసిన, ఏ జబ్బూ లేని చిప్పు.

"రెండోది ఎందుకన్నా?"

"సాక్షి."

"సాక్షా?"

"ఒగదాన్నే ఉడకబెడితే, లోపల మచ్చ కనపడిందనుకో. ఆ మచ్చ దానిదా, నా మంటదా? ఎట్ల తెలుస్తాది? సాక్షి ఉండల్ల. ఒగటే గ్లాసు, ఒగటే మంట. సాక్షి మీద మచ్చ లేకుంటే అప్పుడు నోరు తెరవొచ్చు."

మామూలు మైక్రోస్కోపుకు వెలుగు కింద నుంచి వస్తుంది. ఉల్లిపొర చూడటానికి అది సరిపోతుంది. సిలికాన్ గుండా వెలుగు పోదు, పైనుంచి పడాలి. ఆయన గొట్టానికి పక్కన బెజ్జం వేసి, లోపల పలుచటి గాజు ముక్కను ఏటవాలుగా నిలిపి, పక్కన పెట్టిన బల్బు వెలుగు దాని మీద పడి కిందికి దిగేట్టు చేశాడు. ఆ బల్బు తీగకు చిన్న స్విచ్చి. నన్ను కూర్చోబెట్టి, స్విచ్చి వేసి, "ఊపిరి బిగబట్టు" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా నేను బోర్డు మీద చతురస్రం గీసి, దానికి కాళ్లు గీసి, ఇదీ చిప్పు అని చెబుతూ వచ్చాను. దాని లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలని అనిపించనూ లేదు. ఆ రోజు చూశాను. నెమలికంఠం రంగు మీద సన్నటి వెండిగీతలు. ఒకదానికొకటి తగలకుండా, ఎక్కడ తిరగాలో అక్కడ తిరిగి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి. ఒక మూలన మూడు అక్షరాలు ఉన్నాయి. ఆ చిప్పును గీసిన మనిషి ఎవరో తన పేరులోని పొడి అక్షరాలు అక్కడ పెట్టుకున్నాడు.

ఆయన ఆచారిని కేకేశాడు. ఆచారి వచ్చి ఒంగి చూశాడు.

"మేం పీఠం కింద పెట్టుకుంటాం పేరు, ఎవురికీ కనపడకుండా. ఈయన యాడ పెట్టుకున్నాడు సూడు."

"ఈడ గూడా ఎవురికీ కనపడదు."

"నీకు కనపడింది గదా, దొంగోడా" అని ఆచారి ఆయన వీపు మీద చరిచాడు.

ఫోన్ కెమెరాను మైక్రోస్కోపులో కన్ను పెట్టే చోట ఆనించి, బిళ్ళను వెంట్రుకంత జరుపుతూ ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీసి, తర్వాత కంప్యూటరులో కలిపేవాడు. నంద్యాలకు వచ్చి పెళ్లి ఫ్లెక్సీలు వేసే చోట పెద్దగా ప్రింటు తీయించేవాడు. అక్కడి మనిషి మొదటిసారి అడిగాడట: "ఏ ఊరి లేఅవుటు సాయిబూ? ప్లాట్లు అమ్ముతాండారా?"

ఆ ఫోటోలు షాపు గోడల నిండా ఉండేవి. ప్రతి ఫోటో వెనక ఆ చిప్పు ఎలా పోయిందో పెన్సిలుతో రాసేవాడు. పిడుగు. ఉప్పునీళ్లు. తప్పు తీగ. ఒకసారి నేను కాలక్షేపానికి అన్నీ తిప్పి చూశాను. ఎక్కువ ఫోటోల వెనక ఉన్న మాట "తెలియలేదు".

"ఇన్ని తెలియకపోవడం ఏంటన్నా?"

"తెలిస్తే రాయనా?" అన్నాడు.

గిరాకీలతోనూ అంతే. టీవీ దింపుతూనే, పోయిందా బతుకుతుందా అని అడుగుతారు. "సూసినాకే సెప్తా" అనేవాడు. వీధిలో వాళ్లకు అదొక ఆట అయింది. మబ్బు పట్టిన రోజు, వాన వస్తుందా సాయిబూ అని అడిగి, వాళ్లే ఆయన గొంతుతో "సూసినాకే సెప్తా" అనుకుని నవ్వేవాళ్లు. ఆయనా తలూపేవాడు, అందులో నవ్వడానికి ఏముందో అర్థం కానట్టు.

నా సంగతి వేరు. నేను చూడకుండానే చెప్పేవాణ్ణి. నంద్యాల చుట్టుపక్కల బియ్యం మిల్లుల్లో కొత్త మిషన్లు వచ్చాక, అవి ఆగినప్పుడల్లా నన్ను పిలవడం మొదలైంది. కంపెనీ మనిషి రావడానికి రోజులు పడుతుంది, సారు అయితే గంటలో వస్తాడు. సారు చెప్పాడంటే అదే ఖాయం. ఆ మాట నాకు బాగా రుచించింది.

ఒక మిల్లులో నల్లగింజలు ఏరే మిషను ఆగింది. జారిపడే బియ్యాన్ని కెమెరా చూస్తుంది, నల్లగింజ కనబడగానే గాలి ఊది పక్కకు నెడుతుంది. దాన్ని నడిపేవాడు మద్దిలేటి, గడివేముల మనిషి. ఏళ్ల తరబడి ఆ మిల్లులోనే ఉన్నాడు. ముందు రోజు కరెంటు పోయి జనరేటరు వేశారు. అలా మార్చేటప్పుడు మిషను ఆఫ్ చేసి, జనరేటరు కుదురుకున్నాక మళ్లీ వేయాలి. లేకపోతే ఎక్కువ కరెంటు తోసుకొచ్చి చిప్పులు కాలిపోతాయి. నేను బోర్డు తీసి పది నిమిషాలు మీటరు పెట్టి చూశాను. గాలిగొట్టాలకు ఆజ్ఞలిచ్చే చిప్పు పలకడం లేదు.

"మద్దిలేటీ, జనరేటరు వేసేటప్పుడు ఆఫ్ చేసినావా?"

"చేసినా సార్."

"నిజం చెప్పు."

"నేనెప్పుడైనా చేయకుండా ఉన్నానా? అడగండి సార్ ఎవుర్నైనా."

నేను ఎవరినీ అడగలేదు. మిల్లు యజమాని కాగితం ఇస్తే, ఆఫ్ చేయకుండా జనరేటరుకు మార్చడం వల్ల చిప్పు కాలిందని రాసి సంతకం పెట్టాను. కొత్త బోర్డు తెప్పించమన్నాను. చచ్చిన చిప్పును జేబులో వేసుకుని, ఆ వారం ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు ఆయనకు ఇచ్చాను, పిల్లవాడికి బిస్కెట్ పొట్లం ఇచ్చినట్టు. దాని వెనక జరిగింది కూడా చెప్పాను, నా గొప్ప కోసం.

"మద్దిలేటి అనేటోడు ఆఫ్ చేసినానన్నాడు, నువ్వు చేయలేదన్నావు. అంతేనా?" అని అడిగాడు.

"అంతే."

చిప్పును డబ్బాలో వేసి క్యాలెండరు వైపు చూశాడు. అమావాస్య పోయి రెండే రోజులైంది.

అది మళ్లీ వచ్చేలోగా మద్దిలేటిని పనిలోంచి తీసేశారు. వేరే మిల్లుల వాళ్లూ, మిషను కాల్చినోడు అంటూ దగ్గరికి రానివ్వలేదు. నాకు తెలిసింది. పాపం అనుకున్నాను. అది నా చేత్తో చేసిన పనని అనుకోలేదు.

అమావాస్య మర్నాడు ఆయన మా కాలేజీకి వచ్చాడు. నా క్లాసు అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చుని, వెనకాలే స్టాఫ్ రూములోకి వచ్చాడు. ఇద్దరు లెక్చరర్లు టీ తాగుతున్నారు. ఆయన చుట్టగా తెచ్చిన రెండు ఫోటోలు నా బల్ల మీద పరిచి, మూలల మీద నా డస్టరు, సుద్దపెట్టె బరువు పెట్టాడు.

"కాలలేదప్పా ఇది. సూడు. కాలితే గుంత పడతాది, చుట్టూ మసి ఉంటాది. ఈడ గుంత ల్యా, మసి ల్యా. అంచు నుంచి లోపలికి చెదలు తిన్నట్టుంది. నీరు తిన్నది. ఆ మిల్లులో వడ్లుడికించే ఆవిరి ఏండ్ల తరబడి పట్టి పట్టి తిన్నది. ఆ పొద్దు జనరేటరు వేయకపోయినా ఇంకో నెలకు పోయేదే."

చూశాను. ఒక్క చూపులో తెలిసింది ఆయన చెప్పింది నిజమని. దారాలంత సన్నటి వెండిగీతలు ఒక అంచున కొరికినట్టు మాయమయ్యాయి. కాలిన గుర్తు ఎక్కడా లేదు.

"నువ్వు రాసిన కాయితం మార్చి రాయల్ల. ఒగరి అన్నం సంగతి" అన్నాడు.

టీ తాగుతున్న ఇద్దరూ మా వైపు చూస్తున్నారు. అప్పుడు నేనన్న మాటలు ఇవి. ఎన్నిసార్లు తలుచుకున్నానో, ఒక్క అక్షరం మర్చిపోలేదు.

"స్టీలు గ్లాసులో ఉడకబెట్టి తెచ్చి రిపోర్టు మార్చమంటే ఎట్లండీ? మీ మంటకే అట్లా అయ్యిండొచ్చు."

ఆయన రెండో ఫోటోను నా ముందుకు జరిపాడు. సాక్షి. అదే గ్లాసులో, అదే మంట మీద ఉడికిన చిప్పు. గీతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన ప్రతిసారీ రెండు చిప్పులు ఎందుకు వేస్తాడో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసీ, "అది వేరే కంపెనీది, దాంతో దీన్నెట్లా పోలుస్తారు" అన్నాను.

ఇద్దరిలో ఒకాయన చిన్నగా నవ్వాడు. నా తరఫున నవ్వాడు.

ఆయన పై కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఫోటోలు చుట్టుకున్నాడు. డస్టరునూ సుద్దపెట్టెనూ ఎక్కడివక్కడ పెట్టాడు. అప్పటిదాకా నన్ను అప్పా అని తప్ప పిలవని మనిషి, "పోయొస్తా సార్" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను ఆళ్లగడ్డ పోలేదు. తిరుపతికి వెళ్లే బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది. రెండుసార్లు ఎక్కాను. రెండుసార్లూ షెడ్లు కనిపించని పక్క సీటులో కూర్చున్నాను. ఆయన నన్ను ఒక్కసారి కూడా అడగలేదు, కబురూ పంపలేదు. ఆయన నంబరు నుంచి మొదటిసారి ఫోన్ మోగింది ఆయన పోయిన రోజే.

మర్నాడు వెళ్లాను. ఉలులు మోగుతున్నాయి, తడి చీరలు ఆరిపోయి గాలికి కొట్టుకుంటున్నాయి. ఆయన భార్య, భర్త పోయాక పాటించే గడువులో ఉంది, పరాయి మగవాళ్లకు ఎదురుపడకూడదు. తలుపుకు కట్టిన తెర వెనక నుంచే మాట్లాడింది.

"నిన్న వస్తావని సూసినాం."

"ఫోన్ ఎత్తలేదమ్మా. కావాలనే ఎత్తలేదు."

ఆమె తెరను సర్దుకుంది. తర్వాత, "డబ్బా ఉండాది, ఆచారి ఇస్తాడు. ఆ చిప్పులు సూసే మిషను గూడా తీస్కపో. నీ కాలేజీలో కొనిందే గదా, మల్ల నీకే ఇయ్యమన్నాడు" అంది.

ఆచారి తెచ్చి ఇచ్చాడు. చిన్న రేకుడబ్బా. మూత మీద పెన్సిలుతో "అప్పకు" అని ఉంది. సార్‌కు అని రాయలేదు. లోపల ఒక గాజుపలక మీద రెండు బిళ్ళలు పక్కపక్కన అంటించి ఉన్నాయి. ఒకదాని కింద "నీరు". రెండోదాని కింద "సాక్షి".

ఆ డబ్బా పట్టుకుని గడివేముల వెళ్లాను. మద్దిలేటి రోడ్డు పక్కన ఎవరివో మొక్కజొన్నలు కూలికి ఎండబోస్తున్నాడు. నన్ను చూసి పార ఆపలేదు.

"మద్దిలేటీ, నీ మీద నేను రాసింది తప్పు."

"ఏది సార్?"

"నువ్వు ఆఫ్ చేయలేదని రాసింది."

"చేసినానని ఆ పొద్దే సెప్తి గదా."

"చెప్పినావు. నేనే వినలేదు. ఆ చిప్పు నీరు పట్టి పోయింది, నీ వల్ల కాదు. రుజువు తెచ్చినా."

డబ్బా తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు తెలుసు సార్" అని ఇంట్లోకి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. ఆధార్ కాగితాలతో పాటు, మడత పెట్టిన ఆ రెండు ఫోటోలు.

"ఆళ్లగడ్డ సాయిబు వచ్చి ఇచ్చిపోయినాడు. ఏడాది దాటింది. నీ తప్పు ల్యాదని సెప్పనీకె వచ్చినా అన్నాడు. మరి మిల్లులో ఎవరు సెప్తారన్నా అని అడిగితి. మా సారు సెప్తాడు, మనిషి మంచోడే, కొంచెం టైము పడతాది అన్నాడు."

నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఎంత టైమన్నా అంటి. 'సూసినాకే సెప్తా' అన్నాడు." మద్దిలేటి నవ్వాడు. "ఎట్లుండాడు సార్ ఆయప్ప?"

"మొన్న పోయినాడు."

పార కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. చేతులు దులుపుకుని అన్నాడు: "అంటే ఆయన సెప్పినాక రాలే. పోయినాక వచ్చినావు."

"అవును."

"నాకు సెప్పి ఏం లాభం సార్? నేను ఆఫ్ చేసినానని నాకు తెల్దా? తెలియనోళ్లకు సెప్పు."

మిల్లు యజమాని దగ్గరికి వెళ్లాను. అయిపోయినదానికి ఇప్పుడెందుకు సార్ అన్నాడు. తప్పు రాసింది నేను, అది మీ అందరి ముందూ చెప్పాలి, మీ మనుషులు వాళ్ల కళ్లతో చూడాలి అన్నాను. మిషన్లు తిరుగుతుంటే బల్ల వణుకుతుంది, కనబడదు. అమావాస్య నాడు ఆ మిల్లు ఆపి, మిషన్లు తుడిచి, టెంకాయ కొడతారు. అందరూ ఉంటారు. యజమాని ఆ పొద్దు రమ్మన్నాడు. మద్దిలేటికి కబురు చేస్తూ, నువ్వు రావాల్సిన పనిలేదు, తప్పు నాది అన్నాను. "వస్తా. మిషను సూసి శానా రోజులాయె" అన్నాడు.

బస్తాలు తూకం వేసే గదిలో, నల్లగింజల మిషనుకు ఎదురుగా బల్ల వేసి మైక్రోస్కోపు పెట్టాను. పదిహేనుమంది దాకా ఉన్నారు. కొత్త కాగితం చదివాను. ముందు రాసింది పది నిమిషాల్లో, చూడకుండా రాశానని, మద్దిలేటి మాట అబద్ధమనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదని అందులో ఉంది. నా తప్పు నాకు ఏడాదిన్నర కిందే ఒకాయన చూపించాడని, తెలిసీ ఒప్పుకోలేదని కూడా ఉంది. సంతకం పెట్టి యజమానికి ఇచ్చాను.

తర్వాత ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, స్విచ్చి వేసి, ముందు సాక్షిని, తర్వాత నీరు తిన్నదాన్ని చూపించాను. "ఊపిరి బిగబట్టు" అని నా నోటి నుంచే వస్తుంటే ఆ గొంతు నాది కాదనిపించింది. యజమాని రెండింటినీ రెండేసిసార్లు చూశాడు.

"మరి కాలింది ఎట్లుంటాది?"

అడుగుతారని ఆయన గోడ మీది ఫోటోల్లోంచి, వెనక "పిడుగు" అని రాసి ఉన్నది తెచ్చి పెట్టుకున్నాను. చూపించాను. గుంత, చుట్టూ మసి. యజమాని దాన్నీ, మైక్రోస్కోపులోని బిళ్ళనూ మార్చి మార్చి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మిగతా మిల్లులోళ్లకు నేను సెప్తాలే సార్" అన్నాడు. ఆ మాట నాతో అని, మద్దిలేటి వైపు తిరిగి, బల్ల ముందు నుంచి పక్కకు జరిగాడు.

అందరికంటే చివర మద్దిలేటి కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టమని అతనికి చెప్పలేదు, తనంతట తనే బిగబట్టాడు. చాలాసేపు చూశాడు. అంతకుముందు చూసినవాళ్లంతా చూసి లేచిపోయారు, ప్రతిసారీ బల్బు నేనే ఆర్పాను. మద్దిలేటి తల ఎత్తాడు. లేవబోయే ముందు అతని చెయ్యి తీగ వెంబడి పోయి స్విచ్చిని వెతుక్కుంది. ఆఫ్ చేసి, ఆగి, బల్బు పూర్తిగా ఆరిందని చూసుకుని, అప్పుడు లేచాడు.